ఉప్పుగాలి మీద నెపం వేసి పెచ్చులు అతికించకండి

శ్రావణమాసంలో మా వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే ముద్దలు ముద్దలుగా తడి. "నాలుగు బియ్యం గింజలు వెయ్యవే" అంటుంది అత్తయ్య. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఉప్పు ఆ తేమను లాక్కుని తనే నీరైపోతుంది. విశాఖలో అంత తేమ ఎన్ని రాత్రులుంటుందో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అదే ఉప్పు మన బాల్కనీ గ్రిల్ మీదా ఉంది. వాన పడకపోయినా ఆ ఇనుము తెల్లవార్లూ తడిసే ఉంటుంది. పైగా అది ఉప్పునీటి తడి. తుప్పు పట్టేటప్పుడు ఇనుము మీద సన్నటి కరెంటు పారుతుంది; ఉప్పునీటిలో అది ఇంకా తేలిగ్గా పారుతుంది కాబట్టి తుప్పు పని చురుగ్గా సాగుతుంది.

మొన్న ఆదివారం లాసన్స్ బే కాలనీలోని మా ఫ్లాట్ సన్‌షేడ్ నుంచి అరచేతంత పెచ్చు ఊడి మా బాబు సైకిల్ సీటు మీద పడింది. వాడు అప్పుడే దిగి లోపలికొచ్చాడు. ఇప్పటికీ తలుచుకుంటే నా చేతులు వణుకుతున్నాయి. పెచ్చు తీసి చూస్తే లోపలివైపు కాంక్రీట్‌లో వేసిన ఇనప ఊచ అచ్చు, చుట్టూ ఎర్రటి మరక. స్టూలెక్కి ఊచని గోరుతో గీరితే తాపేశ్వరం కాజా పొరల్లా రాలింది. పెచ్చు మందం స్కేలుతో కొలిచాను. 15 మిల్లీమీటర్లు!

మేస్త్రీ వచ్చి, "ఉప్పుగాలమ్మా, బీచ్ పక్కన ఎవులికైనా ఇంతే. సిమెంటు పూసేసి రంగేసెద్దుం" అన్నాడు.

ఒళ్ళు మండింది. అతని మీద కాదు, కట్టినవాళ్ళ మీద. కాంక్రీట్‌కి క్షారగుణం ఎక్కువ. దానివల్లే ఊచ మీద సన్నటి రక్షణ పొర నిలబడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ లోపలికి దిగి ఆ పొరను అక్కడక్కడ తొలిచేస్తుంది. తుప్పు తినేసిన ఇనుముకి పట్టిన చోటుకంటే రెండింతలకి పైగా చోటు ఆ తుప్పుకి కావాలి, అందుకే అది కాంక్రీట్‌ని లోపలి నుంచి పగలగొట్టుకుంటూ వస్తుంది. పగులు పడ్డాక ఉప్పుకి దారి ఇంకా సులువు.

ఇది తెలియని సంగతా? తీరప్రాంతపు గాలికి బయటుండే కాంక్రీట్‌లో ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఊచని కప్పే కాంక్రీట్ మందం, ఉండాలని, ఎం30 అనే గట్టి రకం కాంక్రీట్ వాడాలని కాంక్రీట్ కట్టడాలకున్న భారతీయ ప్రమాణం, 2000 నాటి ఐఎస్ 456 కోడ్‌లోనే ఉంది. కలిపే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఒడ్డు పక్కన ఉప్పెక్కిన బోరు నీళ్ళతో స్లాబ్ పోయడమంటే దొంగని ఇంట్లో ఉంచి తాళం వేసుకోవడమే. ఆవకాయలో ఉప్పు గిద్దలతో కొలిచి వేస్తాం కదా, లక్షలు పోసి కొనే ఇంటికి ఊచ కింద ఆ ఎడం నిలిపే కవర్ బ్లాకులు పెట్టారా లేదా అని ఒక్కరమైనా అడిగామా? నేను అడగలేదు.

పైపైన పూస్తే లోపలి క్లోరైడ్ అలాగే ఉండిపోతుంది, పక్కనే మళ్ళీ పగులుతుంది. అందుకే మేస్త్రీకి ఒకటే చెప్పాను: ఊచ వెనకదాకా కొట్టాలి, మెరిసేవరకూ వైరు బ్రష్షు పట్టాలి, మంచినీళ్ళతో కడగాలి, తుప్పు ఆపే పూత వేశాకే మోర్టార్. బుధవారం వస్తానన్నాడు. స్కేలు పట్టుకుని పక్కనే నిలబడతాను.