చప్పట్ల కొరతపై ఒక విన్నపం

కచేరీలు రికార్డు చేసేవారిలో రెండు వర్గాలున్నాయి. మిక్సర్ నుంచి నేరుగా లైను లాక్కుని, గాత్రం, వయొలిన్, మృదంగం శుభ్రంగా పట్టుకుని ఇంటికి పోయేవారు మొదటివారు. తీరా వింటే విద్వాంసుడు ఖాళీ హాల్లో శ్రుతిపెట్టె ముందు కూర్చుని తనకోసమే పాడుకున్నట్టుంటుంది. అందుకని రెండో వర్గంవారు వేదిక అంచున రెండు మైకులు జనం వైపు తిప్పి పెడతారు. కళాసేవ అనుకునే పెడతారు పాపం. మన బండారం బయటపడేది అక్కడే.

మన రసికుడి పరమోత్కృష్టమైన మెప్పు తల ఊపడం. అది ఎంత ఖరీదైన మైకులోనూ పడదు. దాని కింది మెట్టు, నాలుక అంగిటికి కొట్టి చేసే ‘త్చ్’. కల్యాణి ఆలాపనకూ అదే, పక్కింటాయనకు బైపాస్ అయిందన్న కబురుకూ అదే. రికార్డులో వినేవారికి తేడా తెలిసే అవకాశం లేదు. ఇక నిక్షేపంలా పడేవి వేరే ఉన్నాయి: ముందు వరుస పెద్దాయన తొడమీద వేసే, మృదంగానికి ఏ సంబంధమూ లేని ఆది తాళం, చిప్స్ కవరు గరగర, తాళవాద్యాలవారు మాత్రమే వాయించే తని ఆవర్తనం మొదలవగానే క్యాంటీన్ దిక్కుగా లేచిన సీట్ల ధడేల్ ధడేల్. ఘటం వాయించేవారికి ఎదురు జవాబు ఇంత నిండుగా వేదిక మీద కూడా దొరకదు.

తెలిసినవాళ్ళు ఉపాయాలు చెబుతారు. మైకు ఎత్తున కట్టమంటారు, లేకపోతే ఒక్కడి దగ్గు హాలంతటి దగ్గవుతుందని. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది గనక, 10 మీటర్ల వెనకున్న మైకుకు పాట 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుందనీ, ఆ ట్రాకును అంతమేరకు ముందుకు జరపాలనీ అంటారు. నిజమే. శ్రోతే అరగంట ఆలస్యంగా వస్తే ఎంత జరపాలో మాత్రం ఎవరూ చెప్పరు.

విసిగినవారు చప్పట్లు బయటినుంచి తెచ్చి అతికిస్తారు. దానికి మొహం చిట్లించుకోనక్కర్లేదు. 1956 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో అమెరికా జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్ కచేరీ అని అమ్మిన రికార్డులో చాలా భాగం స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు కలిపిందే. అసలు కచేరీ రికార్డుగా రావడానికి 1999 దాకా పట్టింది. అంత గొప్పవాళ్ళకే తప్పలేదు.

అయినా మనకు అరువు చప్పట్లెందుకు? మనవాళ్ళు హాలంతా ఒక్కటై, మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టే ఘట్టం ప్రతి సభలోనూ ఉంది. మంగళంలో వెతక్కండి, అప్పటికి చేతుల్లో బండి తాళాలుంటాయి. మధ్యలో ముఖ్య అతిథిగారు శాలువా కప్పించుకుని, సంగీతంతో తన అనుబంధాన్ని బాల్యం నుంచి విప్పి చెప్పి, చిట్టచివరికి ‘ఇంతటితో ముగిస్తున్నాను’ అంటారు చూడండి, ఆ రెండు మైకుల వాల్యూమూ పెంచాల్సింది అప్పుడు. ఆ మోతను కత్తిరించి పల్లవి చివర పెట్టుకుంటే, పాడిన విద్వాంసుడు కూడా నమ్ముతాడు.