ఈశాన్యం మూల ఆరిపోయిన ప్యానెల్ లైటు గారికి

మహారాజశ్రీ పన్నెండు వాట్ల ప్యానెల్ లైటు గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీ క్షేమం సంగతి మంగళవారం రాత్రి ఏడున్నరకే తెలిసిపోయింది. సీరియల్ మధ్యలో రెండుసార్లు కన్ను కొట్టారు, మూడోసారి మూసేశారు. మా క్షేమం అంటారా, ఆదివారం రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక లైటుకు ఉత్తరం రాస్తున్నానంటే మీరే ఊహించుకోండి.

పోయేవాళ్లు ఎప్పుడైనా పోతారు, కాదనను. కానీ హాల్లో మీరు పన్నెండు మంది ఉండగా, వరలక్ష్మీ వ్రతానికి సరిగ్గా మూడు రోజుల ముందు, ఈశాన్యం మూలనున్న మీరే పోవాలా? మామయ్య గారు అన్నం దగ్గర సగంలో చెయ్యి ఆపేశారు. "ఈశాన్యంలో దీపం కొండెక్కిందేంటమ్మా" అన్నారు. "అది దీపం కాదు మామయ్య గారూ, ఎల్‌ఈడీ" అన్నాను. "వెలిగేది ఏదైనా దీపమే" అని మజ్జిగ పోసుకున్నారు. ఇక ఆ రాత్రి ఎవరికి నిద్ర పడుతుంది?

మీ పెట్టె ఇంకా దాచే ఉంచాను. దాని మీద 25,000 గంటలు అని బంగారు రంగు అక్షరాలతో ఉంది. రోజుకు ఐదు గంటల చొప్పున వేసుకున్నా పదమూడేళ్లు దాటాలి. మీరు ఉన్నది మూడేళ్ల రెండు నెలలు. గ్యారంటీ రెండేళ్లు. గ్యారంటీ తీరాకే పోవాలన్న మీ క్రమశిక్షణలో పావు వంతు స్కూలు బస్సు విషయంలో మా వాడికి ఉంటే నా ఉదయాలు బాగుపడేవి.

మా చిన్నప్పుడు బల్బు పోవడం ఇంత పెద్ద కార్యం కాదు. నాన్న స్టూలు ఎక్కి, నొక్కి తిప్పి ఊడదీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. లోపల తీగ గలగలమంటే పోయినట్టు లెక్క. కిరాణా కొట్టుకు పరుగెత్తి "అరవై" అంటే చాలు. కొట్టాయన గోడకున్న హోల్డర్లో పెట్టి, వెలిగించి చూపించి, పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. నలభై, అరవై, వంద. లోకంలో వెలుగు గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ మూడు అంకెల్లోనే ఉండేది. పడగ్గదికి జీరో బల్బు ఉండేదనుకోండి, పేరుకే జీరో, తాగడం పదిహేను వాట్ల దాకా తాగేది. ట్యూబ్‌లైటు మొరాయిస్తే స్టార్టర్ కాస్త తిప్పడం, అప్పటికీ వినకపోతే చోక్ మార్చడం. ఏది పోతే దాన్నే మార్చేవాళ్లం.

ఆ అరవై వాట్ల బల్బు నూటికి తొంభై వంతుల కరెంటు వేడికే తగలేసేదన్నది నిజమే. మీరు పన్నెండు వాట్లతో దానికంటే ఎక్కువ వెలుగిచ్చారు. కరెంటు బిల్లు చూసినప్పుడల్లా ఆ విశ్వాసం నాకుంది. కానీ బల్బు పోతే బల్బే పోయేది. మీరు పోతే మీతోపాటు రేకూ, అద్దమూ, నా సగం రోజు సెలవూ, ఆఖరికి ఇంటి కప్పూ పోయాయి. కప్పు సంగతికి తర్వాత వస్తాను.

గురువారం మధ్యాహ్నం మిమ్మల్ని క్యారీ బ్యాగులో వేసుకుని కరెంటు సామాన్లమ్మే ట్రూప్ బజార్ వెళ్లాను. ఊరికే వెళ్లలేదు, చదువుకుని మరీ వెళ్లాను. కొలిమిలో ఇనుప ముక్క కాలుస్తుంటే మొదట ఎర్రబడుతుంది, తర్వాత పసుపుకు తిరుగుతుంది, ఇంకా కాలితే తెల్లబడుతుంది. లైటు రంగుకు వేడిని కొలిచే కెల్విన్ లెక్క ఇలాంటి దాన్నుంచే వచ్చింది. 3000 అయితే వార్మ్ వైట్, 4000 అయితే నేచురల్ వైట్, 6500 అయితే కూల్ డే లైట్. అంటే వార్మ్ అని రాసినది తక్కువ వేడి, కూల్ అని రాసినది ఎక్కువ వేడి. ఈ పేర్లు పెట్టినవాళ్లు మా అపార్ట్‌మెంట్ కమిటీలో ఉండదగ్గవాళ్లు.

మొదటి షాపులో "ఈ మోడల్ బంద్ అయింది మేడమ్" అన్నాడు. రెండో షాపులో మిమ్మల్ని వెనక్కి తిప్పి చూసి నవ్వాడు. మూడో షాపులో నాలుగో షాపుకు వెళ్లమన్నాడు. ఏడో షాపులో దొరికింది, మీరు కాదు, మీలాంటిది. 3000 అని పెట్టె మీద స్పష్టంగా ఉంది. "షేడ్ కలుస్తుందా" అంటే "డిట్టో మేడమ్, వెలిగించి చూపిస్తా" అన్నాడు. చూపించాడు కూడా. కాకపోతే ఆ షాపు కప్పుకు అప్పటికే ఓ వంద లైట్లు వెలుగుతున్నాయి, బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. పెళ్లి పందిట్లో బ్యాండు మోగుతుంటే శ్రుతిపెట్టె సరిగ్గా ఉందో లేదో చెప్పమన్నట్టుంది. "బానే ఉంది" అన్నాను. ఆ మాట అన్న నోటిని నేనింకా క్షమించలేదు.

ఇంటికొచ్చాక ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీది నుంచి "అక్కా, కన్నం చాలదు" అన్నాడు. మీ కన్నం ఆరంగుళాలు, కొత్తదానికి ఆరు ముప్పావు కావాలి. చిన్న రంపం తీశాడు. కడిగి, ముగ్గేసి, పీట వాల్చిన చోట జిప్సం పొడి వెన్నెల కురిసినట్టు కురిసింది. ఆ తర్వాత స్విచ్చి వేశాడు.

పదకొండు లైట్లు నెయ్యి రంగు. పన్నెండోది ఉడకబెట్టిన గుడ్డు తెలుపు, అందులో లీలగా ఆకుపచ్చ.

3000 అని రాసి మోసం చేశాడనుకున్నాను. తీరా చూస్తే మోసం కాదట, అది పద్ధతేనట. అమెరికావాళ్ల ప్రమాణం ప్రకారం 2870 నుంచి 3220 దాకా దేనికైనా 3000 అని పేరు పెట్టుకోవచ్చు. పైగా ఎల్‌ఈడీల్లో తెల్లది అంటూ విడిగా ఏదీ లేదు. లోపలున్నది నీలం ముక్క, దాని మీద పసుపు పూత. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపనిపిస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీ సాధించినందుకే 2014లో జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. వారికి నా నమస్కారాలు. కానీ పూత పాళ్లు ఆ వాయికీ ఈ వాయికీ పిసరంత మారితే ఒకటి గులాబీకి, ఇంకోటి ఆకుపచ్చకి లాగుతుంది. విడిగా చూస్తే రెండూ తెలుపే. పక్కపక్కన పెడితేనే బండారం బయటపడేది. మరి కప్పులో మీ పన్నెండు మందినీ పక్కపక్కన కాకుండా పక్కింట్లో ఒకరిని పెడతామా?

శుక్రవారం సంగతి వినండి. కలశం పెట్టింది ఈశాన్యంలోనే. అమ్మవారి ముఖానికి కుడివైపు పసుపు, ఎడమవైపు పాలిపోయిన రంగు. పిన్ని గారు సరిగ్గా ఆ లైటు కింద కూర్చున్నారు. ఆవిడ ఎర్ర చీర కట్టుకొస్తే ఇటుక రంగులో కనబడింది. చవక ఎల్‌ఈడీలకు ఎరుపంటే పడదు, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తాయో చెప్పే సీఆర్ఐ మార్కు నూటికి 80 అని రాసుకున్నా ఎరుపు దగ్గర మాత్రం చేతులెత్తేస్తాయి. అందుకే కదా చీరల షాపులో అంత వెలుగున్నా, చీరను గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తే గానీ మన ఆడవాళ్లు బేరం మొదలుపెట్టరు! ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే అమెరికా నుంచి మా ఆడపడుచు ఫోన్: "వదినా, పిన్నికి ఒంట్లో బాగాలేదా?"

బాగానే ఉందమ్మా. బాగాలేనిది నాకు! ఇంత జరుగుతుంటే నువ్వు షూ ర్యాక్ సొరుగులో హాయిగా వెల్లకిలా పడుకున్నావు. నీకు మీరు, గారు ఏంటి? పదకొండు మంది నీతోపాటు ఒకే అట్టపెట్టెలో వచ్చారు, అదే కప్పు, అదే వేడి. వాళ్లంతా వెలుగుతున్నారు. నీకొక్కడికే ఏం మాయరోగం?

మీ వంశాన్ని మా ఇంటికి తెచ్చిన ఇంటీరియర్ డిజైనర్ మూడు లేయర్ల పాఠం చెప్పాడు. గదంతా పరుచుకునే వెలుగు ఒకటి, పని చేసుకునే చోట ఒకటి, బొమ్మలకీ గోడలకీ సోకు చేసేది ఒకటి. శాస్త్రం మంచిదే, అన్యాయం చెప్పకూడదు. కానీ డబ్బంతా మూడోదానికే పోసి, రెండోది మరిచిపోయాడు. వంటింట్లో లైటు సరిగ్గా నడుమ పెట్టాడు, గట్టు దగ్గర నిలబడితే వెలుగు నా వీపుకి, నీడ కత్తిపీటకి. అల్మరా కింద ఓ పట్టీ లైటు పెడితే తీరిపోయేది. బాత్రూంలో అద్దానికి చెరోవైపూ పెట్టాల్సింది నడినెత్తిన పెడితే, రోజూ పొద్దున్నే కళ్లకింద గుంతలతో ఎవరో కనిపిస్తారు. సోఫాలో వాలితే స్పాట్ లైటు పోలీసు విచారణ మొదలుపెడుతుంది. కప్పు అంచున దాచిపెట్టిన కోవ్ లైటు పట్టీలో బల్లి నడిస్తే కప్పు మీద మొసలి. పద్నాలుగు స్విచ్చుల్లో ఏది దేనిదో తెలిసినవాడు మా వాడొక్కడే, వాడు నిద్రపోతే మేం చీకట్లోనే.

సరే, అసలు విషయం. ఈ సాయంత్రం మా ఆయన నిన్ను పారేయబోతూ, సందు చివర మిక్సీలు బాగుచేసే పెద్దాయనకి ఓసారి చూపించాడు. ఆయన కళ్లజోడు నుదుటి మీదకు తోసి, నిన్ను తిరగేసి, తోకనున్న తెల్ల డబ్బా తీసి ఇంకోటి తగిలించాడు. వెలిగావు! "లైటుకేం రోగం లేదు బాబూ, డ్రైవర్ పోయాడు" అన్నాడట. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని నీకు పట్టేంత డీసీగా మార్చి పోసే డబ్బా అది. జిప్సం పైన గాలాడని చోట ఉడికి ఉడికి, అందులో కెపాసిటర్ ఎండిపోయిందట. మొత్తం ఖర్చు నూట యాభై. ఏడు షాపుల్లో ఒక్కడైనా ఆ మాట చెప్పలేదు. నువ్వు అసలు చావనే లేదు. డ్రైవర్ పోతే బండి అమ్మేసినట్టుంది మా తెలివి.

నిన్ను వెలిగించి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. అదే నెయ్యి రంగు. మూడేళ్లుగా పిల్లాడి హోంవర్కు మీద, మామయ్య గారి పేపరు మీద పడ్డ రంగు. నాకు కొంచెం గొంతు పట్టేసింది, ఎవరికీ చెప్పకు. వెంటనే స్టూలు తెచ్చి ఆ ఆకుపచ్చ మొహందాన్ని పీకి, నిన్ను పెట్టబోయాం.

పెట్టీపెట్టగానే మా ఆయన చేతుల్లో పడ్డావు. నీ అంచు ఆరున్నర అంగుళాలు. కన్నం ఆరు ముప్పావు.

పావు అంగుళం! రంపంవాణ్ని కాసేపు, ట్రూప్ బజార్‌ను కాసేపు, నా నోటిని కాసేపు తిట్టుకుని, ఆ పాలిపోయినదాన్నే మళ్లీ బిగించాం. మామయ్య గారు "ఏదో ఒకటి వెలుగుతోందిగా" అని వెళ్లి పడుకున్నారు.

నువ్వు ప్రస్తుతం ఫ్రిజ్ మీద, నీ పాత పెట్టెలోనే ఉన్నావు. ఎవరూ కదపకూడదని చెప్పాను. టీవీ పైనున్న మీవాడు ఇందాకటి నుంచి రెండుసార్లు కన్ను కొట్టాడు. వాడి కన్నం ఆరంగుళాలే, కొలిచాను. సిద్ధంగా ఉండు.

ఇట్లు,
పద్నాలుగు స్విచ్చుల ఇంటి ఇల్లాలు