ప్యాకింగ్ కాగితం లెక్క డాలర్లలో తేలదు

వర్ధమాన దేశాలు ప్యాకింగ్ కాగితం దిగుమతికి ఏటా ఎంత ఖర్చు పెడుతున్నాయో వరసగా పేర్చి, అంకె పెరిగితే పరాధీనత అని, తగ్గితే స్వావలంబన అని తేల్చేయడం పరిపాటి అయింది. ఆ తీర్పును పట్టుకునే సుంకాలు పెంచాలన్న ఒత్తిడీ వస్తుంటుంది. ఇది తొందరపాటు. బయటి నుంచి వచ్చిన కాగితం ఏ సరుకును చుట్టుకుని ఎటు పోతోందో చూడకుండా, దిగుమతి పెరగడం మంచిదో చెడ్డదో చెప్పలేం.

ఈక్వెడార్‌నే తీసుకోండి. అరటిపండ్ల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం దానిదే. ఒక్కో పెట్టెలో మామూలుగా 18.14 కిలోల కాయ పడుతుంది. పచ్చిగా కోసిన ఆ కాయ సుమారు 13 డిగ్రీల చలిలో, తేమ నిండిన ఓడ గదిలో వారాల తరబడి ప్రయాణిస్తుంది. పెట్టెల మీద పెట్టెలు పేర్చి ఉంటాయి. తేమకు అడుగు పెట్టె మెత్తబడి కుంగిందంటే పై బరువంతా కాయ మీదే. నలిగి మచ్చపడిన పండుకు అవతలి రేవులో ధర పలకదు. అందుకే ఈ పెట్టెకు పొడుగు పీచున్న క్రాఫ్ట్ కాగితం, అంటే అట్టపెట్టెలకు వాడే గట్టి కాగితం కావాలి. ఆ పీచు పైన్, స్ప్రూస్ లాంటి చెట్ల నుంచి వస్తుంది. పాత కాగితాన్ని మళ్లీ మళ్లీ గుజ్జు చేస్తే పీచు పొట్టిదైపోయి ఆ బలం నిలవదు. ఇలా తెచ్చుకున్న కాగితం దిగుమతి పద్దులోకి ఎక్కుతుంది, పండుతో పాటే తిరిగి దేశం దాటుతుంది. దాన్ని బలహీనత అనడం అన్యాయం.

అలాగని దిగుమతులన్నీ ఒక్కటేనని కాదు. కెన్యాలో వెబుయే పేపర్ మిల్లు 2009లో మూతపడింది. 2017 ఆగస్టులో ప్లాస్టిక్ సంచులపై నిషేధం వచ్చింది. మొదటిది సొంత ఉత్పత్తిని దెబ్బతీసేది, రెండోది కాగితానికి గిరాకీ పెంచేది. ఈ రెండింటి ప్రభావమూ ఒకే అంకెలో కలిసిపోతే ఆ అంకె నుంచి ఏం నేర్చుకుంటాం? బ్రెజిల్ సంగతి పూర్తిగా వేరు. దక్షిణాది రాష్ట్రాల్లో పైన్ తోటలు పెంచి, క్రాఫ్ట్ కాగితాన్ని తానే ఎగుమతి చేస్తోంది. బ్రెజిల్‌నూ ఈక్వెడార్‌నూ ఒకే సగటులో వేస్తే ఇద్దరి కథా పోతుంది.

కాలంతో పోల్చేటప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. విడిగా ఏరని పాత కాగితం దిగుమతిని చైనా 2018 నుంచి ఆపేసింది, 2021 జనవరి నుంచి తలుపులు పూర్తిగా మూసింది. దాంతో పాత కాగితం ఆగ్నేయాసియా మిల్లులకూ మన దేశపు మిల్లులకూ వెళ్లి, రీళ్లుగానో గుజ్జుగానో మారి చైనా చేరింది. అంటే ఒక కాలమ్‌లో పడిపోయిన సరుకు పక్క కాలమ్‌లో తేలింది. ఆ రోజుల్లో క్రాఫ్ట్ ధర భగ్గుమని, మన అట్టపెట్టెల తయారీదారులు గగ్గోలు పెట్టారు. అలాంటి ఏడాది దిగుమతి బిల్లు పెరిగినంత మాత్రాన కాగితం ఎక్కువ వచ్చినట్టు కాదు.

కస్టమ్స్ పద్దుల్లో ఒక్కో సరుకుకు ఒక్కో కోడ్ ఉంటుంది: క్రాఫ్ట్ రీళ్లు 4804 కింద, తయారైన పెట్టెలు, సంచులు 4819 కింద, పాత కాగితం 4707 కింద ఉంటాయి. ఒక్క పద్దే చూస్తే పొరపాటు తప్పదు. వర్ధమాన దేశాల జాబితా కూడా స్థిరంగా ఉండదు: దక్షిణ కొరియాను ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగమైన అంక్టాడ్ 2021లో అభివృద్ధి చెందిన దేశాల సరసన చేర్చింది. అంత పెద్ద ఆర్థిక వ్యవస్థ జాబితాలోంచి తప్పుకుంటే మిగిలినవాటి మొత్తం దానంతటదే మారిపోతుంది.

కాబట్టి ప్రభుత్వాలు ముందు టన్నుల్లో, రకాలవారీగా లెక్కలు బయటపెట్టాలి. ఎగుమతి పెట్టెకు వాడే కాగితంపై సుంకం వేయడం మా దృష్టిలో రైతు మీద వేసినట్టే. ప్రపంచ మార్కెట్లో ధర పెంచుకోలేని వ్యాపారి ఆ భారాన్ని కొనుగోలు ధరలోనే కోసుకుంటాడు. సొంత మిల్లులు నిలబడాలంటే సుంకం కన్నా ముందు పాత కాగితం సేకరణ బాగుపడాలి. వంటింటి చెత్తలో కలిసి తడిసి, నూనె పట్టిన అట్ట మిల్లుకు పనికిరాదు. తడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయించి, అట్టను పొడిగా సేకరించే బాధ్యత మున్సిపాలిటీలది. ఆ పనికి డబ్బూ మనుషులూ ఈ బడ్జెట్‌లోనే కేటాయించాలి.