కనెక్షన్ తప్పితే పూచీ ఎవరిది?

లండన్ నుంచి బార్సిలోనాకు విమానం గాల్లో ఉండేది రెండు గంటల పైచిలుకే. రైల్లో అయితే పారిస్‌కు సుమారు రెండుంబావు గంటలు, అక్కడి నుంచి ఇంకో ఏడు గంటలు. మధ్యలో సామాను లాక్కుంటూ గార్ దు నోర్ స్టేషన్ నుంచి గార్ ద లియోన్‌కు మారాలి. లోకల్ రైల్లో రెండో స్టాపే. కానీ టెన్షన్ అంతా అక్కడే. మొదటి రైలు లేటైతే రెండోది మన కోసం ఆగదు.

రైలా, విమానమా అన్న చర్చలో అందరూ గంటలు లెక్కపెడతారు, కాలుష్యం లెక్కపెడతారు. టికెట్ సంగతి ఎవరికీ పట్టదు. నా దృష్టిలో అసలు తేడా అందులోనే ఉంది. ఒకే టికెట్ మీద రెండు విమానాలు బుక్ చేసుకుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా గమ్యం చేర్చే పూచీ విమాన సంస్థదే. తప్పు సంస్థదై మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరితే, 2004 నాటి యూరప్ నిబంధనల కింద దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం అడగొచ్చు.

రైళ్లకూ 2023 జూన్ నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. గంట దాటితే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వాపసు. కనెక్షన్ తప్పినప్పుడు మాత్రం త్రూ టికెట్, అంటే ప్రయాణం మొత్తానికి ఒకే టికెట్ ఉన్నవారికే రక్షణ. రెండు దేశాల రైల్వేల దగ్గర విడివిడిగా కొంటే, చట్టం లెక్కలో అవి రెండు వేర్వేరు ప్రయాణాలు. కొన్ని రైల్వేలు పరస్పర ఒప్పందంతో తర్వాతి రైలు ఎక్కనిస్తాయి. దానికీ లేటైనట్టు సిబ్బంది చేత రాయించుకోవాలి, తర్వాతి రైల్లో సీటుండాలి.

ఆలస్యం అరుదైతే ఇదంతా పట్టించుకోనక్కర్లేదు. కానీ 2024లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో వేళకు నడిచినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా! విసిగిపోయిన స్విట్జర్లాండ్, బాగా లేటైన జర్మన్ రైళ్లను సరిహద్దు నగరం బాసెల్‌లోనే ఆపేసి ప్రయాణికులను తన రైళ్లలోకి మార్పిస్తోంది.

ప్రయాణం మొత్తానికి ఒకే టికెట్, ఒకే హక్కు వచ్చేలా చట్టం తెస్తామని యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్ 2024లో హామీ ఇచ్చారు. అది అమల్లోకి వచ్చేదాకా పారిస్‌లో కనీసం రెండు గంటల వ్యవధి ఉంచుకోండి. విమానంతో పోల్చేటప్పుడు ఆ రెండు గంటలనూ రైలు ఖాతాలోనే వేయండి, విమానాశ్రయంలో పడే పడిగాపులను విమానం ఖాతాలో వేసినట్టే.