వెండి కడ్డీకి స్నానం ఎందుకు?

యుద్ధాలు, కరువులు, వాతావరణం లాంటి చిన్నాచితకా గొడవల్లో పడి మనం అసలు సమస్యను గాలికొదిలేశాం. బీరువా మూడో అరలో, ఉన్ని శాలువాలో చుట్టి, శాలువాను డబ్బాలో పెట్టి, డబ్బా మీద దుప్పట్లు పేర్చి దాచిన కిలో వెండి కడ్డీ నల్లబడింది. దాన్ని తోమాలా, వద్దా?

నా మిత్రుడొకడు ఈ ప్రశ్నతో రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. గొంతులో ఒకటే టెన్షన్. కొన్న మూడేళ్లలో ఆ కడ్డీని అతను మూడుసార్లు చూశాడు. కొన్న రోజు ఒకసారి, ఉందో పోయిందో అని ఇంకోసారి, మళ్లీ ఇప్పుడు.

"మోసపోయాన్రా! దాని మీద 999 అని, అంటే వెయ్యి వంతుల్లో 999 వెండేనని కొట్టి ఉంది. అంత మేలిమి వెండి ఎక్కడైనా నల్లబడుతుందా?"

భేషుగ్గా నల్లబడుతుంది. ఇనుముకు తుప్పు పట్టించే ఆక్సిజన్ తనంతట తాను వెండిని పెద్దగా ఏమీ చేయలేదు. గాలిలో ఇసుమంత ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మాత్రం వదలదు. అందులోని గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. మనం చూసే నలుపు అదే. రాగి కలిసిన 925 వెండి ఇంకా తొందరగా రంగు మారుతుంది కానీ, 999కీ మినహాయింపేమీ లేదు. నల్లబడినంత మాత్రాన అది నకిలీ కాదు. అసలుదని సర్టిఫికెట్టూ కాదనుకోండి, అది వేరే సంగతి.

పైగా అది ఒక్కసారిగా నల్లబడదు. పొర పలచగా ఉన్నప్పుడు లేత పసుపు, తర్వాత గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు. సబ్బు బుడగ మీద రంగులు పుట్టేది కూడా ఇలా పలచటి పొర వల్లే. ఇవే రంగులు పాత వెండి నాణెం మీద వస్తే నాణేలు సేకరించేవాళ్లు దాన్ని 'టోనింగ్' అంటారు. కొందరు అదనంగా డబ్బిచ్చి మరీ తీసుకెళ్తారు. అదే నాణేన్ని ఎవరైనా ఉత్సాహపడి తోమితే విలువ సగానికి పైగా పోయినా ఆశ్చర్యం లేదు. కడ్డీ మీదకు వచ్చేసరికి అదే టోనింగు పేరు మురికి. లోహాల్లో కూడా కులీనులూ సామాన్యులూ ఉన్నారని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

ఇంతకీ గంధకం బీరువాలోకి ఎలా వచ్చింది? ఫోన్‌లోనే దర్యాప్తు మొదలుపెట్టాను. శాలువా ఊడిపోకుండా ఏం చేశావని అడిగితే, రబ్బరు బ్యాండు వేశానన్నాడు గర్వంగా. రబ్బరును గట్టిపరిచేదే గంధకంతో. ఉన్నిలో అది పుట్టుకతోనే ఉంటుంది. అంటే నిందితుడు, ఫిర్యాదుదారుడు, కాపలాదారుడు ముగ్గురూ ఒక్కరే. కేసు అక్కడే కొట్టేయాల్సింది. కానీ అతను తోమి తీరాలనే నిశ్చయంతో ఉన్నాడు.

తోమడంలో మూడు మతాలున్నాయి. మొదటిది టూత్‌పేస్టు మతం. వెండి మెత్తటి లోహం, పేస్టులో ఉండేది గీరే పొడి. నలుపుతోపాటు నునుపూ పోతుంది, సన్నటి గీతలు మిగులుతాయి. రెండోది డిప్పు మతం. సీసాలో ముంచగానే తెల్లబడుతుంది. వీళ్లకు ఓపిక తక్కువ, నమ్మకం ఎక్కువ. ఆ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది, ఎక్కువసేపు ఉంచితే వెండినీ కొరుకుతుంది. మూడోది రేకు మతం. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, దానికి తగిలేలా కడ్డీని పెట్టి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తారు. గంధకం వెండిని వదిలేస్తుంది, వెండి మాత్రం కడ్డీ మీదే మిగులుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వేస్తే గంధకం బయటపడుతోందన్నమాట. ఉన్నవాటిలో నిజాయితీ గలది ఇదే. కాకపోతే నలుపు బాగా ముదిరి ఉంటే, తెల్లబడ్డాక కూడా పాత తళుకు రాదు, సున్నం వేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు తరుగు లెక్క. కిలో కడ్డీ మీద పొర మిల్లీమీటరులో పదివేలవ వంతు మందం ఉందనుకుంటే, అందులో చిక్కుకున్న వెండి సుమారు 10 మిల్లీగ్రాములు. మొత్తంలో లక్షో వంతు. పైగా ఒకటిన్నర మిల్లీగ్రాముల గంధకం ఉచితంగా వచ్చి చేరింది. నా మిత్రుడు మూడేళ్లలో ఈ కడ్డీ మీద కష్టపడకుండా సంపాదించిన బోనస్ అది. దాన్ని కడిగేసుకుంటానంటున్నాడు.

కడిగితే ఎవరు మెచ్చుకుంటారు? కొనేవాడు తూకం వేస్తాడు, మేలిమి పరీక్షిస్తాడు, ధర చెబుతాడు. కరిగించేవాడు 962 డిగ్రీలకు కాస్త పైకి తీసుకెళ్తే మనం తోమిన మెరుపూ తోమని నలుపూ ఒకే ముద్ద. పెద్ద ఖజానాల్లో ఒక్కొక్కటీ సుమారు 31 కిలోలు తూగే కడ్డీలు నల్లగా మాడిపోయినట్టు పేర్చి ఉంటాయి. వాటికి స్నానం చేయించేవాడు లేడు, అడిగేవాడూ లేడు. వెండిని కరిగించి చేత్తో మూసలో పోసిన పాత కడ్డీ అయితే ఆ నలుపుకే గిరాకీ ఉండొచ్చు. సీలు వేసిన ప్యాకెట్‌లో నల్లబడ్డదాన్ని తోమడానికి సీలు చించేవాడి గురించి మాట్లాడి లాభం లేదు.

ఇదంతా చెప్పి, చివరగా ఒక్క ప్రశ్న అడిగాను. "ఒరేయ్, ఎవరి కంటా పడకూడదనే కదా నువ్వు దాన్ని దుప్పట్ల కింద దాచింది? అక్కడ, చీకట్లో, అది మెరిస్తే ఎవరికి?"

చాలాసేపు మాట్లాడలేదు. బాగా ఆలోచిస్తున్నాడనుకున్నాను.

ఆదివారం మళ్లీ ఫోన్. తోమేశాడట. అద్దంలా ఉందట. చేతి మరకలు పడకుండా రబ్బరు గ్లవుజులు కూడా వేసుకున్నాడట.

"మళ్లీ ఎలా చుట్టావురా?" అన్నాను.

"అదే శాలువా. బ్యాండు మాత్రం మార్చేశాన్లే. అది పాతది కాబట్టి అంత పని చేసింది. ఈసారి మంచి క్వాలిటీవి, రెండు వేశాను."