ధరల కవరు కన్నా ముందే...

టెండర్లు తెరిచిన రోజు అందరి చూపూ అంకెల మీదే. ఎవరు ఎంతకు వేశారు, అంచనా విలువ మీద ఎంత శాతం లెస్ అన్నదే చర్చ. జరగాల్సిన నష్టం చాలాసార్లు అప్పటికే, ఏ పని ఎంత ఉంటుందో అంచనా వేసి రాసిన పరిమాణాల పట్టికలో జరిగిపోయి ఉంటుంది.

పద్ధతి తెలిసిందే. ప్రకటన, ప్రీబిడ్ సమావేశం, ధరావతు, రెండు కవర్లు. సాంకేతిక అర్హత దాటినవారి ధరల కవర్లనే విప్పుతారు. వారిలో తక్కువ మొత్తం వేసినవారు ఎల్‌-1. ఒక్కో పనికి విడిగా రేటు వేసే ఐటం రేటు ఒప్పందాల్లో చిక్కంతా ఇక్కడే. బిడ్లను పోల్చేది పట్టికలో రాసిన పరిమాణాలతో. బిల్లు చెల్లించేది పని జరిగాక తీసిన కొలతలకు.

పట్టికలో మట్టి తవ్వకం 10,000 ఘనపు మీటర్లు, రాతి తవ్వకం 500 అని ఉందనుకుందాం. ఒక గుత్తేదారు మట్టికి 100, రాతికి 400 రేటు వేశాడు. మొత్తం 12 లక్షలు. రెండోవాడు మట్టికి 80, రాతికి 700 వేసి 11.5 లక్షలతో పని దక్కించుకున్నాడు. తవ్వితే తేలింది మట్టి 6,000, రాయి 4,500. మొదటివాడి రేట్ల ప్రకారం 24 లక్షలయ్యే బిల్లు ఇప్పుడు 36.3 లక్షలు! ఇందులో నిబంధనకు విరుద్ధమైనదేమీ లేకపోవచ్చు. నేలను పని పిలిచినవారికన్నా బాగా చదివాడు, అంతే. లోపలి నుంచి ఉప్పందితే మాత్రం అది వేరే సంగతి.

పరిమాణం మారితే రేటు సవరించవచ్చు కదా అంటారు. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య (ఫిడిక్) 1999 నాటి నమూనా ఒప్పందమైన రెడ్ బుక్‌లో 10 శాతం మించిన తేడాకు ఆ వీలుంది. అయితే ఆ తేడా వల్ల యూనిట్ ఖర్చు కూడా 1 శాతానికి మించి మారాలి, ఇతర షరతులూ ఉన్నాయి. మొదట్లోనే ఎత్తుగా వేసిన రేటు దీని నుంచి తప్పించుకోగలదు.

ఇదే ఎత్తుగడకు మరో రూపం, ముందు జరిగే పనులకు ఎక్కువ రేటు, చివరి పనులకు నామమాత్రపు రేటు వేయడం. పునాదుల బిల్లులు అందాక గుత్తేదారుకు మిగతా పని భారమే. అతను మధ్యలో వదిలేస్తే, పని పూర్తికి పూచీగా ఇచ్చిన పనితీరు గ్యారంటీ కొత్త టెండరు అదనపు ఖర్చుకు చాలకపోవచ్చు.

అందుకే టెండరుకు ముందే బోర్లు వేసి నేలను పరీక్షించాలని, ఆ నివేదికను బిడ్డర్లందరికీ ఇవ్వాలని మేం కోరుతున్నాం. వారం రోజుల గడువు పెడితే స్థలంలో గుంత తవ్వి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ముందే తెలిసినవాడిదే పైచేయి. బిడ్లు తెరిచాక ఐటం వారీగా రేట్లను అంచనాతో పోల్చాలి. అనుమానమున్న పరిమాణాలను అటూ ఇటూ మార్చి, ఎల్‌-1 ఎక్కడ తారుమారవుతాడో లెక్క కట్టాలి. అవసరమైతే ఆ రేటు ఎలా వచ్చిందో చూపే విశ్లేషణ అడగాలి, అదనపు పూచీ తీసుకోవాలి. ఇవేవీ చేయకుండా ఎల్‌-1ను పిలిచి బేరమాడితే మొత్తం మీద ఒకటి రెండు శాతం తగ్గించుకుంటాడేమో గానీ, రాతి రేటును మాత్రం కదలనివ్వడు.