గాలికి కూడా బిల్లు

హనుమకొండలో మా ఇల్లు, చిన్నాయన ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. మోటారు కరెంటు చిన్నాయన మీటరు మీద నడుస్తుంది, నెలాఖరుకు సగం సగం పంచుకుంటాం. పంచుకున్న ప్రతిసారీ మీరే నీళ్లు ఎక్కువ వాడుతున్నారని ఆయన, రోజూ కారు కడిగేది ఎవరని మా ఆవిడ, ఇదో పంచాయితీ.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఎంటెక్‌లో రెండేళ్లు గాలీ నీళ్లూ కలిసి వెంచురీ మీటర్లోంచి పోతే ఏమవుతుందో కంప్యూటర్లో మోడల్ చేసినవాడిని (మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ "పైపుల చదువు" అంటారు), ఇన్నాళ్లకు ఆ చదువు ఇంటికి పనికొచ్చే రోజొచ్చిందని ఉబ్బిపోయాను. ఎవరెన్ని నీళ్లు వాడితే అంత బిల్లు, మీటరు నేను చేస్తా అన్నాను. చిన్నాయన వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

వెంచురీ అంటే పెద్ద విశేషం ఏమీ లేదు. మధ్యలో నడుము సన్నబడ్డ పైపు. నడుము దగ్గర నీళ్లు వేగంగా ఉరకాలి, వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, ఎంత తగ్గిందో చూసి ఎన్ని నీళ్లు పోతున్నాయో లెక్క కట్టొచ్చు. పేరు ఇటలీ ఆయన వెంచురీది, మీటరుగా మార్చింది అమెరికా ఇంజనీరు హెర్షెల్, 1880లలో. మా ఇంటికి తెచ్చింది నేను. అంగుళం పైపుకు రెండు రెడ్యూసర్లు, మధ్యలో అరంగుళం ముక్క, కారిన చోటల్లా ఎం-సీల్, ఒత్తిడి తేడా చూడటానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపును తిరగేసిన యూ లాగా గోడకు కట్టి పక్కన ఒక స్కేలు. తేడా నాలుగడుగుల పైచిలుకు ఉంటే నిమిషానికి దాదాపు 40 లీటర్లు. రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. చిన్నాయన రోజూ డైరీలో రాసుకునేవాడు, వచ్చిన చుట్టాలందరికీ చూపించేవాడు కూడా.

మే వచ్చింది. బోరులో నీళ్లు కిందికి దిగాయి, మోటారు నీళ్లతో పాటు గాలిని కూడా గుంజడం మొదలుపెట్టింది. నల్లాలు దగ్గుతున్నాయి. లెవల్ పైపులో నీళ్లు పూనకం వచ్చినట్టు ఎగిరి దూకుతున్నాయి, చిన్నాయన మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని ఎగిరినప్పుడే చూసి ఎగిరినంతా రాసుకుంటున్నాడు. ఒక పొద్దున పర్కాలలో పెండ్లికని ఇస్త్రీ తెల్లంగి వేసుకుని, పోయే ముందు ఒకసారి చూసిపోదామని వంగాడు. ఎం-సీల్ ఊడింది. అంగి సంగతి వదిలేయండి, ఆ రోజు పెండ్లికి పోలేదు.

సాయంత్రం డైరీ పట్టుకుని వచ్చాడు.

"నిన్న మీ ట్యాంకుల 1,400 లీటర్లు పడ్డయి."

"మా ట్యాంకే 1,000 లీటర్లది చిన్నాయనా. పొర్లలేదు కూడా."

"నీ మీటరే కదరా చెప్పింది."

కాగితం తీసి వివరించడం మొదలుపెట్టాను, అదే నేను చేసిన తప్పు. గాలి కూడా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అవే నీళ్లు నడుము దగ్గర ఇంకా గట్టిగా ఉరకాలి, ఒత్తిడి తేడా పెరుగుతుంది, మీటరు పిచ్చిది ఆ తేడా అంతా నీళ్లదే అనుకుంటుంది. సగం గాలి, సగం నీళ్లు బాగా కలిసిపోయి ఒకే వేగంతో పోతున్నాయనుకుంటే మీటరు 1.41 రెట్లు ఎక్కువ చూపిస్తుంది, అందుకే వెయ్యి కాస్తా 1,400 అయింది. నిజానికి అవి ఒకే వేగంతో పోవు. మేడారం దారిలో బైకుల వాళ్లు సందుల్లోంచి దూసుకుపోతుంటే ఎడ్ల బండ్లు వెనక వచ్చినట్టు, గాలి ముందు ఉరుకుతుంది, నీళ్లు వెనకబడతాయి.

"మరి సరిచేసే లెక్క లేదా?"

"ఉన్నది. గ్యాసు బావుల కోసం డి లీవ్ అనే ఆయన 1997లో ఒక సూత్రం ఇచ్చిండు. అయితే అది గ్యాసు ఎక్కువ, తడి తక్కువ ఉన్నప్పటిది, మన బోరుకు అతకదు. అతికినా అందులో నీళ్లెన్నో ముందే వెయ్యాలె."

"అంటే ఎన్ని నీళ్లు వచ్చినయో తెల్వాలంటే ఎన్ని నీళ్లు వచ్చినయో తెల్వాలె."

"ఒకరకంగా అంతే."

"తెల్సినంక నీ మీటరెందుకురా?"

రెండేళ్లలో మా గైడు కూడా ఇంత సూటిగా అడగలేదు. పోనీ ఆ నాలుగొందల లీటర్లు గాలే కదా, తీసెయ్యమన్నాను.

"గాలి మాత్రం ఊరికే వచ్చిందా? నా కరెంటుతోనే కదా పైకెక్కింది."

కట్టాను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాతి వారం మా మరదలికి నొప్పులొస్తున్నాయంటే అందరం కాజీపేట పోయాం, నాలుగు రోజులు మా వాల్వు తిప్పిందే లేదు. వచ్చేసరికి బోరు ఇంకా దిగింది, నల్లాల దగ్గు ఉబ్బసమైంది. చిన్నమ్మ పట్టుబట్టి చిన్నాయనకు అందకుండా డైరీ తనే రాసిందట, అది కూడా నిజాయితీగా. వాళ్లది కూడా మాలాంటి ట్యాంకే, ఒక్కరోజు లెక్క 1,700 తేలింది.

రాత్రి తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. చేతిలో నేను అప్పుడు రాసిచ్చిన కాగితం, నాలుగు మడతలు.

"బిడ్డా, గాలి ముందు ఉరుకుతదని ఏదో చెప్పినవు గదా. చిన్నమ్మకు సమజైతలేదట, ఒక్కసారి వచ్చి చెప్పరాదూ?"